ఈ పాట కోరినవారు

పదిహేను పైసల పోస్టు కార్డు మీద ఎన్ని పేర్లు పడతాయో 1980లలో తెలుగునాట పాటల పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. పైన సినిమా పేరు, దాని కింద పాట మొదటి మాటలు, ఆ తర్వాత కోరినవారి జాబితా. ముందు తన పేరు, వెనకే అన్నదమ్ములవి, అక్కచెల్లెళ్లవి, ఎదురింటివాళ్లవి, ఇంకా చోటు మిగిలితే 'మరియు మిత్రబృందం'. అట్టడుగున ఊరి పేరు, జిల్లా. ఈ చివరి రెండూ మాత్రం ఎవరూ మరిచిపోయేవారు కాదు. రేడియోలో తన పేరు రావడం ఒక ఎత్తు, ఊరి పేరు రావడం ఇంకో ఎత్తు.

కార్డు డబ్బాలో పడ్డాక ఎదురుచూపు మొదలయ్యేది. వారం పడుతుందో, నెల పడుతుందో, అసలు చదువుతారో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని కోరిన పాటలు వినిపించే 'జనరంజని' వచ్చే వేళకు రేడియో చుట్టూ ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. పేర్లు చదవడం మొదలవగానే పొయ్యి దగ్గరున్న అమ్మ కూడా చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చేది. ఇంటిపేరు కాస్త అటూ ఇటూగా పలికినా పట్టింపు లేదు. 'మనదే, మనదే' అని కేక. ఆ సందడిలో పాట పల్లవి సగం వినబడేదే కాదు.

ఏ పాట కోరాలన్న దగ్గర మాత్రం పెద్ద ఆలోచనే నడిచేది. అప్పుడే విడుదలైన సినిమా పాటకు కార్డు ఖర్చుపెట్టడం కొత్తవాళ్లు చేసే పని. దాన్ని ఎలాగూ వందమంది అడుగుతారు, అడగకపోయినా వస్తుంది. చేయి తిరిగిన శ్రోత ఎవరూ అడగని పాటను వెతికేవాడు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో అందరి నోళ్లలో నానే పాటల్ని వదిలేసి, అరుదుగా వినిపించేదాన్ని అడిగేవాడు. ఈ వారం పాతది కోరితే వచ్చే వారం కొత్తది. అలా వారం వారం ఒక పాత, ఒక కొత్త ఎంచుకుంటూ పోయినవాళ్లు, సంగీతం చదువుకోకపోయినా, పదేళ్లు తిరిగేసరికి పాట ఎత్తుగడ వినగానే బాణీ కట్టినవారి పేరు చెప్పగలిగేవారు.

అడగడం వల్ల ఏం జరుగుతుందో సినిమా పాట చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1949లో 'మహల్' అనే హిందీ సినిమా వచ్చింది. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతం. అందులో మధుబాల మీద తీసిన పాట దేశాన్ని ఊపేసింది. గ్రామఫోను రికార్డు మీద మాత్రం పాడినవారి పేరు లేదు, తెర మీద పాత్ర పేరు 'కామిని' అని అచ్చువేశారు. అప్పటి పద్ధతి అది. ఎవరు పాడారో చెప్పండంటూ రేడియోకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. రేడియోవాళ్లు రికార్డు కంపెనీని అడిగి గాయని పేరు తెలుసుకుని ప్రకటించారు. లతా మంగేష్కర్ అనే పేరు దేశానికి అలా తెలిసింది. ఊరూపేరూ లేని శ్రోతలు కార్డు ముక్కల మీద అడిగి సాధించుకున్న పేరు అది.

ఆ తర్వాత మూడేళ్లకే రేడియోలో సినిమా పాటకు గడ్డుకాలం వచ్చింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే సరిపడదు. ఆకాశవాణిలో సినిమా పాటల సమయం తగ్గిపోయింది. సినిమా పేరు చెప్పడం ప్రచారం చేసిపెట్టడమే అవుతుందని, గాయకుల పేరు ఒక్కటే చెబుతామని అన్నారు. నిర్మాతలు ఒప్పుకోలేదు, అనుమతులు వెనక్కి తీసుకున్నారు. దాంతో భారతదేశపు పాటల అభిమానులు రేడియో ముల్లును సముద్రం దాటించారు.

సముద్రం అవతల రేడియో సిలోన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం అక్కడ పెట్టిన శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ యుద్ధం అయ్యాక పాటలకు పనికొచ్చింది. కొలంబోలో మాట్లాడితే హిమాలయాల దాకా వినబడేది. షార్ట్‌వేవ్ 25 మీటర్లు, 41 మీటర్లు అనే అంకెలు ఆ తరానికి ఇంటి నంబరంత గుర్తు. 1952 డిసెంబరు 3న అక్కడి నుంచి 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. టూత్‌పేస్టు కంపెనీ ప్రాయోజకత్వం, బొంబాయిలో రికార్డింగు, గొంతు అమీన్ సయానీది. తొలి రోజుల్లో ఏడు పాటలు వినిపించి, వాటిని వరసలో పెట్టి పంపమని శ్రోతలకు పోటీ పెట్టారు. వంద రూపాయల బహుమతి. ఏవో కొన్ని ఉత్తరాలు వస్తాయేమో అనుకుంటే తొమ్మిది వేలు వచ్చాయని సయానీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి అవి వారానికి 65 వేలకు చేరాయి. అన్ని ఉత్తరాలు దిద్దలేక, 1954 నుంచి ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే పద్ధతికి మారారు.

బుధవారం రాత్రి ఎనిమిది గంటలు. తెలుగు ఊళ్లలో హిందీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ వేళకు చెవి ఒగ్గేవారు. స్థానాల్ని 'పాయ్‌దాన్' అనేవాడు సయానీ. మెట్టు మెట్టు ఎక్కుతూ ఏ పాట పైకొస్తుంది, ఏది జారుతుంది అని హోటళ్లలో పందాలు కాసేవారు. కొన్ని ఇళ్లలో బుధవారానికని విడిగా ఒక నోటుబుక్కు ఉండేది. తేదీ, స్థానం, పాట, సినిమా, ఎన్నో వారం. హిందీ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని అర్థం తెలియకుండానే కంఠతా పట్టినవాళ్లు ఎందరో. రఫీ పాటను తప్పు లేకుండా పాడి, అందులో ఒక మాటకు అర్థమేమిటని హిందీ మాస్టారిని అడిగిన పిల్లలు ప్రతి హైస్కూల్లోనూ ఉండేవారు.

సిలోన్ నుంచి తెలుగు పాటలూ వచ్చేవి. అక్కడి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతును ఆ తరం తెలుగు శ్రోతలు ఇప్పటికీ తలుచుకుంటారు. పొద్దున పాత హిందీ పాటల కార్యక్రమం ఉండేది, ఏడున్నర నుంచి ఎనిమిది దాకా. చివరి పాట ఎప్పుడూ కె.ఎల్. సైగల్‌దే. సైగల్ 1947లోనే పోయాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు పుట్టిన పిల్లలు కూడా ఆ గొంతు వినబడగానే బడికి వేళయిందని లేచేవారు. పాతపాట ఇంట్లోవాళ్ల దినచర్యలో అలా కలిసిపోయింది. దాన్ని పాతదని ప్రత్యేకంగా ఎవరూ విడదీసి చూడలేదు.

1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని మొదలుపెట్టి పోయిన శ్రోతల్ని వెనక్కి పిలుచుకుంది. కోరిన పాటల కార్యక్రమాలు పెరిగాయి. అప్పటి బిహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలయ్యా అనే అభ్రకం గనుల ఊరు, పాటలు కోరే ఉత్తరాల వల్లనే దేశమంతటా తెలిసిపోయింది. తెలుగునాటా అలాంటి ఊళ్లు ఉన్నాయి. రేడియోలో పదే పదే వినబడటం వల్ల తప్ప మరో విధంగా ఎవరికీ తెలియని పల్లెలు. ఊరూరా శ్రోతల సంఘాలు వెలిశాయి. రబ్బరు స్టాంపులు చేయించుకుని కార్డుల మీద కొట్టి పంపినవాళ్లూ ఉన్నారు.

ప్రత్యేక జనరంజని వచ్చిన రోజు అభిమానికి పండగే. ఆ రోజు పాటల్ని సినిమావాళ్లు ఎంచేవారు. ఘంటసాల, సావిత్రి లాంటివారు తమకు ఇష్టమైన పాటల్ని తామే పరిచయం చేస్తూ వినిపించేవారు. పెద్ద పేరున్న మనిషి మైకు ముందు కూర్చుని, ఫలానా పాట నాకెందుకు ఇష్టమంటే అని మొదలుపెట్టి, తోటి గాయకుడి గురించో సంగీత దర్శకుడి గురించో నాలుగు ముక్కలు చెప్పడంలో ఒక మర్యాద ఉండేది. వినేవాడికి ఎంచుకోవడం ఎలాగో కూడా తెలిసివచ్చేది. హిందీలో సైనికుల కోసం నడిచే 'జయమాలా'లోనూ తారలు ఇలాగే పాటలు ఎంచేవారు. రాత్రి పదింటి 'ఛాయాగీత్'లో ఆ అధికారం అనౌన్సరుది. ఒక భావం చుట్టూ ఆయన అల్లిన అయిదారు పాటలు విని, తమ నోటుబుక్కులో అలాంటి వరసే తెలుగు పాటలతో కట్టుకున్నవాళ్లు లేకపోలేదు.

ఆ నోటుబుక్కు గురించి ఇంకాస్త చెప్పాలి. సాధారణంగా రెండొందల పేజీల పొడుగు పుస్తకం, పైన కేలండరు కాగితం అట్ట. స్కేలు పెట్టి గీసిన నిలువు గళ్లు: చిత్రం, పాట, రచన, సంగీతం, గానం. అనౌన్సరు ప్రతి పాటకూ ఈ వివరాలు చెప్పేవారు గనకే ఆ గళ్లు నిండేవి. పేర్లు వినీ వినీ కొన్ని సంగతులు తమంతట తాముగా బయటపడేవి. 'మల్లీశ్వరి' (1951), 'మిస్సమ్మ' రెండూ సాలూరి రాజేశ్వరరావువే, కానీ ఒకదానికి దేవులపల్లి కృష్ణశాస్త్రి మాట, ఇంకోదానికి పింగళి మాట. మాట మారితే బాణీ నడక ఎంత మారిపోతుందో పక్క పక్క గళ్లలో కనిపించేది. 'మూగ మనసులు' (1964), 'శంకరాభరణం' (1980), 'సిరివెన్నెల' (1986) మూడింటికీ ఒకే పేరు, కె.వి. మహదేవన్. ఇరవై రెండేళ్ల దూరం. పడవ మీది పల్లెపాట నుంచి కచేరీ వేదిక దాకా ఒకే మనిషి ప్రయాణం చేశాడన్న సంగతి నోటుబుక్కు ఉన్నవాడికి ఏ పుస్తకమూ చదవకుండానే తెలిసింది. ఇంతకన్నా మంచి సంగీత పాఠం తెలుగు మధ్యతరగతికి ఏ బడీ చెప్పలేదు.

పాట మాటలు తెలియాలంటే ఆధారం పాటల పుస్తకం. సినిమా హాలు గేటు దగ్గర అమ్మేవారు. పల్చటి కాగితం, రంగు అట్ట, లోపల నటీనటుల పట్టిక, కథాసంగ్రహం. కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోయి 'మిగతా కథ వెండితెరపై చూడండి' అని ఉండేది. పుస్తకం ముందు పెట్టుకుని రేడియోతోపాటు పాడేటప్పుడు మరో విచిత్రం తెలిసేది. పుస్తకంలో మూడు చరణాలుంటే రేడియోలో రెండే వచ్చేవి. 78 ఆర్.పి.ఎం. రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. పాట అంతకన్నా పొడుగైతే తగ్గించాలి, లేదా రెండు పక్కలా విడగొట్టాలి. సినిమాలో మాత్రమే ఉన్న ఆ చరణం కోసం రెండోసారి టిక్కెట్టు కొన్నవాళ్లు ఉన్నారు.

తర్వాత టేపు వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును 1963లోనే తెచ్చినా, మన ఊళ్లలో అది ఇంటింటికీ చేరింది 1980లలో. గల్ఫ్‌కు వెళ్లిన కోనసీమ, కరీంనగర్, కడప వాళ్లు టూ ఇన్ వన్‌లు తెచ్చారు. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెలో పచ్చళ్ల పక్కన క్యాసెట్లు సర్దుకున్నారు. ఉత్తరం రాయడం రాని తల్లి టేపులో మాట్లాడి పంపేది. మాటలు అయిపోయాక మిగిలిన చోట్లో కొడుక్కి ఇష్టమైన పాటలు ఎక్కించేవారు.

దాంతోపాటు బజారులో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. నాలుగడుగుల వెడల్పు గది, గోడల నిండా ఎల్పీ రికార్డులు, బల్ల మీద రెండు డెక్కులు, కౌంటరు మీద పాటల పట్టికలున్న లావుపాటి రిజిస్టరు. అభిమాని తెల్లకాగితం మీద రాసుకొచ్చిన జాబితా ఇచ్చేవాడు. ఎ సైడు, బి సైడు. షాపతను పెన్ను తీసుకుని పక్కనే నిమిషాలు వేసేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టంటే పక్కకు ముప్పై. 1950ల పాటలైతే ఎనిమిది దాకా పడతాయి. ఇళయరాజా పాటలు నాలుగున్నర, అయిదు నిమిషాలవి, ఆరు దాటవు. 'ఇది తీసెయ్యండి బాబూ, చివర కట్ అయిపోద్ది' అనేవాడు. అక్కడ బేరం మొదలు. సాలూరి వారి పాట తీసెయ్యాలా, 'గీతాంజలి' (1989) పాట తీసెయ్యాలా? ఒకటి ఉంచుకోవాలంటే ఇంకొకటి వదులుకోవాలి. కుర్రవాడు కౌంటరు ముందు అర్ధగంట నిలబడి తల పట్టుకున్న ఆ లెక్కలోనే అతని అభిరుచి తయారైంది. తీసేసిన పాట పేరు వచ్చే నెల జాబితాలో మొదట ఉండేది.

మంచి షాపతను జాబితా చూసి మనిషిని అంచనా వేసేవాడు. 'మేఘసందేశం' (1982) రాసుకొచ్చినవాడికి, 'రమేష్ నాయుడివి ఇంకో రెండున్నాయి, వింటారా' అని అడిగి వినిపించేవాడు. చాలామందికి దొరికిన సంగీత గురువు ఆయనే. మూడు రోజుల తర్వాత వచ్చి క్యాసెట్టు తీసుకుంటే, లోపలి అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పాటల పేర్లు రాసి ఉండేవి. ఇంటికి రాగానే మొదటి పని, క్యాసెట్టు వీపు మీదున్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని పెన్ను మొనతో విరగ్గొట్టడం. అవి ఉంటే తమ్ముడు పొరపాటున ఎర్ర మీట నొక్కి చెరిపేస్తాడన్న భయం. టేపు నలిగితే గుండ్రటి పళ్ల మధ్య పెన్సిలు పెట్టి తిప్పడం, హెడ్డు మీద పేరుకున్న మట్టిని దూదితో, స్పిరిటుతో తుడవడం ఇంట్లో పదేళ్ల పిల్లలకు కూడా వచ్చిన విద్యలు. ఈ రికార్డింగులకు కంపెనీల అనుమతి ఉండేది కాదు, పాట సృష్టించినవారికి దక్కాల్సింది దక్కలేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

టీవీ వచ్చాక శుక్రవారం సాయంత్రం సినిమా పాటల 'చిత్రలహరి' కోసం వీధి మొత్తం ఒకే ఇంట్లో చేరేది. అదీ వారానికి ఒక్కసారే. కానీ అక్కడ ఎంపిక దూరదర్శన్‌ది, చూడటమే వీళ్ల పని.

1989లో గీత్‌మాలా వివిధ భారతికి మారింది. 1994తో ఆ సుదీర్ఘ ప్రసారం ముగిసింది. తర్వాత సీడీలు, ఒక డిస్కులో నూటయాభై పాటలు పట్టే ఎంపీత్రీలు, ఆ తర్వాత ఫోను. రికార్డింగ్ సెంటర్లు సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20న ముంబైలో కన్నుమూసినప్పుడు, తెలుగు పత్రికల్లో కూడా బుధవారం రాత్రుల్ని తలుచుకుంటూ ఎందరో రాశారు.

ఇప్పటి యువత వినడం లేదనడం అన్యాయం. ఇంత పాట ఎప్పుడూ ఎవరికీ అందుబాటులో లేదు. 'మహల్' పాటా, నిన్న వచ్చిన పాటా ఒకే వేలికొనకు దొరుకుతాయి. తగ్గింది పేరు చెప్పే గొంతు. ఫోనులో పాట నడుస్తుంటే తెర మీద గాయకుడి పేరు, సినిమా పేరు కనిపిస్తాయి. రాసినవారి పేరు తరచూ కనిపించదు. కనిపించాలన్నా రెండు మూడు మీటలు లోపలికి వెళ్లాలి. ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, సి. నారాయణరెడ్డి అనే పేర్లు అక్షరం చదవడం రాని ముసలమ్మలకు కూడా తెలిసిన రోజులున్నాయి. రేడియో రోజుకు పదిసార్లు చెప్పింది గనక తెలిశాయి. పాట వెనక మనిషిని పోగొట్టుకోవడం భాషకే నష్టం. ఈ నష్టం పూడ్చడం పెద్ద కష్టమూ కాదు. పాటలు అందించే కంపెనీలు రచయిత పేరును గాయకుడి పేరు పక్కన పెడితే చాలు.

ఆ కాలపు సరుకు ఇంకా మన అటకల మీద ఉంది. క్యాసెట్టు టేపుకు తేమ పడదు. బూజు పడుతుంది, పూత రాలిపోతుంది, ఒకసారి రాలితే అందులోని గొంతు తిరిగి రాదు. రేడియో నుంచి ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న ప్రత్యేక జనరంజని మరెక్కడా మిగిలి ఉండకపోవచ్చు. పాటల పుస్తకాలూ అంతే, పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేసినవి వేసినట్టే పోయాయి. మీ ఇంట్లో నాన్నగారి క్యాసెట్ల పెట్టె ఉంటే ఈ వేసవి ఎండలు తగ్గకముందే దించండి. ముందు పొడిగుడ్డతో తుడవండి. బూజు కనిపిస్తే మామూలు టేప్‌రికార్డరులో పెట్టకుండా, డిజిటల్‌లోకి మార్చే పని తెలిసినవారికి ఇవ్వండి. పాటల పుస్తకాలను, నోటుబుక్కులను పేజీ పేజీ ఫోటో తీసి ఉంచండి. క్యాసెట్టు అట్ట మీద రాసిన పేర్లను కూడా తీయడం మరవకండి. ఆ పాటలు ఎవరు ఎంచారో చెప్పేది అదే.